సంచిలో వాట్లు

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది. తుర్కయంజాల్‌లో మాత్రం దాన్ని ఇంకా ఎంసెట్ అనే అంటారు. ఆ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైన వారం నుంచీ సాగర్ రోడ్డు పొడవునా ఇళ్లల్లో ఒకటే చర్చ: ల్యాప్‌టాప్ ఏది కొనాలి, ఎంతలో కొనాలి? ఇక్కడి నుంచి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే మంగళ్‌పల్లి, శేరిగూడ దాకా దారిపొడవునా ఇంజనీరింగ్ కాలేజీలే. ఇటు ఎల్బీనగర్ వైపు వస్తే మెట్రో. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైలు మొదలయ్యాక మియాపూర్ వరకూ ఉన్న కాలేజీలూ, అమీర్‌పేట కోచింగులూ ఈ ఊరి పిల్లలకు రోజూ వెళ్లిరాగల దూరంలోకి వచ్చాయి. ఎటు వెళ్లాలన్నా ముందు బస్సెక్కాలి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పొద్దున తొమ్మిదింటికి ఆ బస్సుల్లో సీటు దొరకడం గగనం. భుజాన సంచి, పైన కడ్డీ పట్టుకున్న చెయ్యి, ఎల్బీనగర్ దాకా పది కిలోమీటర్లు.

దుకాణంలో అడిగే ప్రశ్నలు మాత్రం మూడే. ఐ-ఫైవేనా? ర్యామ్ ఎంత? ఎంత తగ్గిస్తారు? బరువెంతని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా అమ్మే కుర్రాడు ఒంటిచేత్తో పైకెత్తి "చూడండి సార్, ఎంత లైట్‌గా ఉందో" అంటాడు. ఏసీ గదిలో పది సెకన్లు ఎత్తి చూస్తే ఏదైనా తేలిగ్గానే ఉంటుంది.

కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు పిల్లల శరీర బరువులో పదో వంతు దాటకూడదు. కాలేజీ పిల్లలకు అలాంటి నియమం లేదు కానీ, ఇంటర్ పాసైనంత మాత్రాన వెన్నెముక మారిపోదు. యాభై కిలోల అమ్మాయి అనుకుంటే సంచి హద్దు ఐదు కిలోలు. లీటరు నీళ్ల బాటిల్ ఒక్కటే కిలో పైచిలుకు. టిఫిన్ బాక్సు, రికార్డులు, ఒక పుస్తకం, గొడుగు కలిస్తే ఇంకో రెండు కిలోలు. మిగిలిన రెండు కిలోల్లోనే ల్యాప్‌టాప్, దాని అడాప్టర్ ఇమడాలి. గేమింగ్ పేరుతో అమ్మే మోడళ్లు అడాప్టర్ కాకుండానే 2.2 నుంచి 2.5 కిలోలు తూగుతాయి. అడాప్టర్ మరో అర కిలో. (సంచి బరువు తగ్గించే అతి చవకైన ఉపాయం బాటిల్‌ను సగమే నింపి, కాలేజీకి వెళ్లాక మిగతాది పట్టుకోవడం. రూపాయి ఖర్చు లేకుండా అర కిలో తగ్గించే కంపెనీ ఏదీ లేదు.)

మరి ల్యాప్‌టాప్‌కు ఆ బరువంతా ఎక్కడి నుంచి వస్తోంది? లోహపు ఒంట్లోనో, ప్లాస్టిక్ మందంలోనో వెతుకుతాం. వెతకాల్సిన చోటు ప్రాసెసర్ పేరు చివరనున్న ఒక అక్షరం. ఎందుకో చూడాలంటే వేడి దగ్గర మొదలుపెట్టాలి.

ల్యాప్‌టాప్‌లోకి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. అది లెక్కలు చేసినా అంతే, సినిమా చూపించినా అంతే. తెర వెలుతురు, స్పీకర్ చప్పుడు రూపంలో పోయేది చాలా కొంచెం. కాబట్టి 45 వాట్లు తినే ప్రాసెసర్ అంటే బొటనవేలి గోరంత చోటులో 45 వాట్ల వేడి పుడుతోందని అర్థం. దాన్ని అక్కడి నుంచి తరలించడానికి రాగిని వాడతారు. రాగి వేడిని చక్కగా మోస్తుంది కానీ ఘన సెంటీమీటరుకు దాదాపు 9 గ్రాములు తూగుతుంది, అల్యూమినియం 2.7 గ్రాములే. అందుకే రాగి గొట్టాలను బోలుగా చేస్తారు. లోపలి గాలి తీసేసి కొద్దిగా నీళ్లు ఉంచి మూసేస్తారు. పీడనం తక్కువ కనుక ఆ నీళ్లు వంద డిగ్రీల దాకా ఆగకుండా ముందే మరిగి ఆవిరవుతాయి. ఆవిరి చల్లగా ఉన్న కొసకు వెళ్లి, ఇడ్లీ పాత్ర మూత కింద చేరినట్టు, మళ్లీ నీటిబొట్లవుతుంది. అక్కడ పలచని రేకుల మీదుగా ఫ్యాన్ గాలి తోలుతుంది. వాట్లు పెరిగితే గొట్టాలు ఒకటికి రెండవుతాయి, ఫ్యాన్లు రెండవుతాయి, రేకులు పెరుగుతాయి, వాటికి చోటివ్వడానికి పెట్టె మందమవుతుంది.

ఇక్కడ మన ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రాసెసర్ వేడి దాదాపు వంద డిగ్రీలకు చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వేడి ఎంత త్వరగా బయటికి పోతుందనేది చిప్‌కూ గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. జనవరి పొద్దున గాలి 20 డిగ్రీలుంటే ఆ తేడా 80. మే మధ్యాహ్నం గదిలో 42 ఉంటే తేడా 58. అదే రాగి, అదే ఫ్యాన్, కానీ తరలించగలిగే వేడి నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. చలికాలంలో కొన్నప్పుడు చురుగ్గా ఉన్న సన్నటి ల్యాప్‌టాప్ ఎండాకాలం రాగానే నత్తనడక నడవడానికి వైరస్ కారణం కానక్కర్లేదు.

ఇప్పుడు అక్షరం సంగతి. ఇంటెల్ ఐ5-1235యూ అనే ప్రాసెసర్ మూల విద్యుత్తు 15 వాట్లు. అదే తరానికి చెందిన ఐ5-12450హెచ్‌కు 45 వాట్లు. రెండూ ఐ-ఫైవే. దుకాణంలో రెండింటినీ ఒకే మాటతో పిలుస్తారు. అవసరమొచ్చినప్పుడు కొద్దిసేపు మొదటిది 55 వాట్ల దాకా, రెండోది 95 వాట్ల దాకా ఎగబాకగలవు. ఎంతసేపన్నది రాగి తేలుస్తుంది. ఇంకో కొసన ఎన్100 ఉంది. 2023 మొదట్లో వచ్చిన ఈ నాలుగు కోర్ల చిప్‌కు 6 వాట్లు చాలు.

వాట్లు మూడు రెట్లయితే వేగం కూడా మూడు రెట్లవుతుందా? కాదు, ఇక్కడే బేరం గిట్టదు. ప్రాసెసర్‌లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఒక్కోటి తెరుచుకుని మూసుకున్నప్పుడల్లా అతి సూక్ష్మమైన విద్యుదావేశం నిండుతుంది, ఖాళీ అవుతుంది. ఆ ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టీ, సెకనుకు ఎన్నిసార్లు జరుగుతుందనే దాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం పెంచాలంటే ట్రాన్సిస్టర్లు తొందరగా తెరుచుకోవాలి. అందుకు వోల్టేజీ కూడా పెంచాలి. రెండూ కలిస్తే ఖర్చు దాదాపు వేగం ఘనంతో పాటు ఎగబాకుతుంది. రెండూ 20 శాతం చొప్పున పెంచామనుకోండి: 1.2ను మూడుసార్లు గుణిస్తే 1.73. అంటే 20 శాతం వేగం కోసం 73 శాతం ఎక్కువ వేడి. చివరి కొసన దొరికే ఆ కాస్త చురుకుదనాన్ని కిలోల్లో మోయాల్సి వస్తుంది.

బీటెక్ మొదటి రెండేళ్లలో పిల్లలు చేసే పనులు చూడండి. సీ, పైథాన్ ప్రోగ్రాములు, పీపీటీలు, యూట్యూబ్ పాఠాలు, పీడీఎఫ్‌లు, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు. ప్రోగ్రాం టైపు చేస్తున్నంతసేపూ ప్రాసెసర్ మన వేళ్ల కోసం కాచుకుని కూర్చుంటుంది. ఈ పనుల్లో 45 వాట్ల చిప్‌కూ 15 వాట్ల చిప్‌కూ తేడా చెప్పమంటే కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లు లేరు. సంచి మోసేవాళ్లకు మాత్రం తెలుస్తుంది.

బ్యాటరీది కూడా ఇదే లెక్క. లిథియం లోహాలన్నింటిలోకీ తేలికైనది. ఘన సెంటీమీటరు అర గ్రాము చిల్లర, నీటి మీద తేలుతుంది. దాన్ని ఆసరాగా చేసుకుని తిరిగి చార్జయ్యే బ్యాటరీని సాధ్యం చేసినందుకే విటింగ్‌హామ్, గుడెనఫ్, యోషినోలకు 2019 నోబెల్ వచ్చింది. సోనీ దాన్ని 1991లో మార్కెట్లోకి తెచ్చింది. ఇంత చేసినా కిలో బ్యాటరీ ప్యాక్‌లో ఇప్పుడు పట్టేది సుమారు 200 వాట్ అవర్లు. అంటే బడ్జెట్ ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే 42 వాట్ అవర్ల బ్యాటరీ బరువు రెండొందల గ్రాముల పైచిలుకు.

అది ఎన్ని గంటలొస్తుందో కంపెనీ చెప్పక్కర్లేదు, మనమే భాగహారం చేసుకోవచ్చు. పద్నాలుగంగుళాల తెర మధ్యస్థ వెలుతురులో రెండు మూడు వాట్లు తింటుంది. ప్రాసెసర్, వైఫై, ర్యామ్, డిస్కు కలిపి తేలిక పనుల్లో నాలుగైదు. మొత్తం ఏడనుకుంటే 42ను 7తో భాగిస్తే ఆరు గంటలు. అదే యంత్రం 25 వాట్లు తాగే పనిలో ఉంటే గంటా నలభై నిమిషాలు. ఆ పనిలోనే దాన్ని ఆరు గంటలు నడిపించాలంటే 150 వాట్ అవర్లు కావాలి. ఆ బ్యాటరీ ఒక్కటే ముప్పావు కిలో. పైగా విమానాల్లో అనుమతి అడగకుండా వెంట తీసుకెళ్లగలిగే హద్దు 100 వాట్ అవర్లు కనుక అంత పెద్దది ఎవరూ పెట్టరు. అందుకే వాట్లు ఎక్కువైన ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ కూడా సంచిలో తప్పనిసరి. దుకాణంలో రాసిపెట్టే బరువులో ఈ అడాప్టర్ ఉండదు. పాత పద్ధతి గుండ్రటి పిన్ను అడాప్టర్లు తీగలతో కలిపి 250 నుంచి 350 గ్రాములు ఉంటాయి.

తుర్కయంజాల్ దాటి సాగర్ రోడ్డు మీద ఇంకాస్త వెళ్తే ఆదిభట్ల. అక్కడ టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు తయారవుతాయి. మొదటిది 2018లో బయటికి వెళ్లింది. విమానాల ఇంజనీర్లకు ఒక పీడకల ఉంటుంది. ఎక్కడో ఒక కిలో పెరిగితే దాన్ని మోయడానికి కాస్త పెద్ద రెక్క, ఆ రెక్కకు కాస్త ఎక్కువ బలమున్న ఇంజను, ఆ ఇంజనుకు ఎక్కువ ఇంధనం, ఆ ఇంధనానికి పెద్ద ట్యాంకు కావాలి. కిలోతో మొదలైంది చాలా కిలోలవుతుంది. తిరగేసినా ఇదే లెక్క: ఒక చోట తగ్గిస్తే మిగతావన్నీ తగ్గుతాయి. ల్యాప్‌టాప్‌లో ఆ గొలుసుకు మొదటి కొస వాటు. అది తగ్గితే రాగి తగ్గుతుంది, ఫ్యాన్ చిన్నదవుతుంది, చిన్న బ్యాటరీ సరిపోతుంది, అడాప్టర్ చిక్కిపోతుంది, వీటన్నింటినీ పట్టుకునే పెట్టె పలచబడుతుంది. వీటిలో దేనికీ అదనపు డబ్బు పెట్టక్కర్లేదు. నిజానికి ఖర్చు తగ్గుతుంది.

డబ్బు పెట్టి బరువు తగ్గించే దారి వేరే ఉంది, దాని పేరు పదార్థం. పెట్టె ప్లాస్టిక్‌దైతే ఘన సెంటీమీటరుకు గ్రాము చిల్లర, మెగ్నీషియం 1.74, అల్యూమినియం 2.7. ఈ అంకెలు చూసి ప్లాస్టిక్కే తేలికని చెప్పేయకండి. రేకు వంగకుండా నిలిచే గట్టిదనం దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది, పదార్థం స్వభావాన్ని బట్టి కూడా ఉంటుంది. అల్యూమినియం, ఏబీఎస్ ప్లాస్టిక్ కంటే సుమారు ముప్ఫై రెట్లు బిగువైనది. అంతే గట్టిదనం ప్లాస్టిక్‌తో తేవాలంటే మందం మూడు రెట్లు చేయాలి. అప్పుడు బరువులో ఆదా ఏమీ మిగలదు, పైగా పెట్టె ఉబ్బుతుంది. మధ్యే మార్గం మెగ్నీషియం. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ అనే తొలి తరం ల్యాప్‌టాప్ పెట్టె మెగ్నీషియం మిశ్రమ లోహంతోనే చేశారు. ధర 8,150 డాలర్లు. నలభై ఏళ్లు దాటినా మెగ్నీషియం, కార్బన్ ఫైబర్ ఒళ్లున్న ల్యాప్‌టాప్‌లు ఇప్పటికీ మధ్యతరగతి బడ్జెట్‌కు ఎత్తులోనే ఉన్నాయి. నలభై వేలలోపు "మెటల్ బాడీ" అని రాసి ఉంటే చాలాసార్లు తెర వెనకున్న మూత ఒక్కటే లోహం, అడుగుభాగం ప్లాస్టిక్కే. అది మోసమని అనను. కానీ ప్లాస్టిక్ ఒంటి ల్యాప్‌టాప్‌ల ప్రాణం కీలు దగ్గర ఉంటుంది. కీలు స్క్రూలు ప్లాస్టిక్ దిమ్మెల్లో బిగించి ఉంటాయి. రెండేళ్లు ఒక మూల పట్టుకుని తెరిస్తే ఆ దిమ్మె పగులుతుంది. మధ్యలో పట్టుకుని తెరవడం నేర్పడం ఇంట్లో పెద్దవాళ్లు చేయగల ఉపకారం.

తెర కొలత తగ్గించడం మాత్రం చవకైన దారే. అంగుళాల్లో తేడా చిన్నగా కనిపిస్తుంది. కానీ వైశాల్యం వర్గాన్ని బట్టి మారుతుంది. 15.6ను 14తో భాగించి వర్గం చేస్తే 1.24. అంటే పెద్ద తెరకు గాజు, వెనక వెలుతురు పొర, మూత, కీబోర్డు పలక, అడుగు రేకు అన్నీ దాదాపు నాలుగో వంతు ఎక్కువ. ఒకే ధరలో 15.6 అంగుళాలది 1.6 లేదా 1.7 కిలోలుంటే 14 అంగుళాలది 1.4 లేదా 1.5 ఉండటానికి కారణం ఇదే. మన దగ్గర పెద్ద తెరకే గిరాకీ. "అంతే డబ్బుకి పెద్దది వస్తుంటే చిన్నది ఎందుకు" అనే తర్కం టీవీకి సరిపోతుంది.

తేలికైన, చవకైన కంప్యూటర్ కల పాతదే. అమెరికా శాస్త్రవేత్త అలన్ కే 1972లో రాసిన పత్రంలో పిల్లల చేతికిచ్చే డైనాబుక్ అనే యంత్రాన్ని ఊహించాడు. నాలుగు పౌండ్ల లోపు బరువు, అంటే 1.8 కిలోలు, ఐదొందల డాలర్లకు మించని ధర. అప్పటికి అలాంటిది చేసే దారే లేదు. 1981లో "మోసుకెళ్లగలిగేది" అంటూ వచ్చిన ఆస్‌బోర్న్ 1 బరువు పదకొండు కిలోలు. 2007లో ఆసుస్ తెచ్చిన "ఈ పీసీ 701" అనే ల్యాప్‌టాప్ కిలో కన్నా తక్కువ తూగింది కానీ తెర ఏడంగుళాలే. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆఫీసు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించినప్పుడు బరువు 1.36 కిలోలు, ధర 1,799 డాలర్లు. ఒకటి చవకను పట్టుకుంది, ఒకటి తేలికదనాన్ని నాజూకుగా సాధించింది. రెండూ ఒకచోట కలపడానికి జరిగిన పెద్ద ప్రయత్నం మన దేశంలో జరిగింది, అందులో హైదరాబాద్‌కు భాగముంది.

దాని పేరు ఆకాశ్. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో దాన్ని ఆవిష్కరించారు. డేటావిండ్ అనే కంపెనీ తయారుచేసిన ఆ ట్యాబ్లెట్ బిగింపు హైదరాబాద్‌లో జరిగింది. ప్రభుత్వానికి ఒక్కోటి 2,276 రూపాయలు పడింది. బరువు 350 గ్రాములు. కాగితం మీద కల నెరవేరినట్టే! లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఏడంగుళాల తెర, 2,100 ఎంఏహెచ్ బ్యాటరీ. వోల్టేజీతో గుణిస్తే ఆ బ్యాటరీలో ఉన్నది ఎనిమిది వాట్ అవర్ల కన్నా తక్కువ. తెర వెలుతురుకే మూడు వాట్లు పోతే ఎంతసేపు నడుస్తుందో చెప్పక్కర్లేదు. తాకుడు తెర రెసిస్టివ్ రకం: రెండు పలచటి పొరలు, మధ్య ఖాళీ, వేలితో నొక్కితే పై పొర వంగి కింది దాన్ని తాకాలి. అంటే తాకితే చాలదు, గుచ్చాలి. వాడినవాళ్లు మెల్లగా ఉందని, తెర మొండికేస్తోందని, బ్యాటరీ నిలవడం లేదని అన్నారు. ఏడాది తర్వాత 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2లో ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, రెట్టింపు ర్యామ్, కెపాసిటివ్ తెర పెట్టారు, కానీ అప్పటికి చవక ఫోన్లే దాన్ని దాటిపోయాయి.

ఆకాశ్‌ను ఎగతాళి చేయడం తేలిక. నాకైతే అది ఇంజనీరింగ్ పాఠంలా కనిపిస్తుంది. ధరను ముందే నిర్ణయించేసి, ఆ ధరకు తగ్గట్టు ఒక్కో భాగాన్నీ కోసుకుంటూ పోతే కోత ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లుండరు. మనిషి ఎదురుచూడాల్సిన చోట, అంటే ర్యామ్‌లో, తెరలో, డిస్కులో కోశారు. ఈ కోత ఇప్పటికీ ఆగలేదు, చోటు మారింది. 2023 ఆగస్టులో 16,499 రూపాయలకు వచ్చిన జియోబుక్ 990 గ్రాములే. పదకొండున్నర అంగుళాల తెర, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ. చదువుకోవడానికి, చూడటానికి పనికొస్తుంది. ఇంజనీరింగ్ ల్యాబులో అడిగే విండోస్ సాఫ్ట్‌వేర్ మాత్రం దాని మీద ఎక్కదు.

ఈఎంఎంసీ అనే మాట ఎక్కడ కనబడినా ఆగి చూడాలి. అది ఫోన్ల కోసం పుట్టిన నిల్వ చిప్, బోర్డుకు అతికించి ఉంటుంది, మార్చలేం. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ సెకనుకు రెండు మూడు వేల ఎంబీలు చదివితే ఇది మూడొందల దగ్గర ఆగుతుంది. పాత తిరిగే హార్డ్‌డిస్కు పరిస్థితి ఇంకా హీనం. దాని ముల్లు సరైన చోటికి చేరడానికే సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. ఎస్‌ఎస్‌డీ ఉన్న ఐ-త్రీ, హార్డ్‌డిస్కు ఉన్న ఐ-సెవెన్ కన్నా చురుగ్గా అనిపించడానికి కారణం ఇదే. పైగా ఎస్‌ఎస్‌డీ పది గ్రాముల లోపే, తిరిగే డిస్కు వంద దగ్గర. డబ్బు తగ్గించుకోవాల్సి వస్తే ప్రాసెసర్‌లో తగ్గించుకోండి, డిస్కులో వద్దు.

ర్యామ్ విషయంలో 8 జీబీ అన్న అంకె కన్నా అది బోర్డుకు అతికించిందా, తీసి మార్చుకునే స్లాటుందా అన్నది ముఖ్యం. స్లాటుంటే మూడో ఏడు పెంచుకోవచ్చు. లేకపోతే ముందే 16 జీబీది తీసుకోవాలి. ఇక్కడ ఏఎండీ పేర్లలో ఒక మెలిక ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అనేవి పక్కపక్క తలుపుల్లా కనిపిస్తాయి. మొదటి అంకె ఏ ఏడాది వరుసలో అమ్ముతున్నారో చెబుతుంది. లోపలి రూపకల్పన ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. 7520యూ జెన్ 2 తరానిది, నాలుగు కోర్లు, ర్యామ్ ఎప్పుడూ అతికించే రకమే. 7530యూ జెన్ 3 తరానిది, ఆరు కోర్లు. రెండింటి మీదా ఉండే స్టిక్కర్ ఒకటే: రైజెన్ 5. ఇంటెల్ కూడా ఏం తక్కువ తినలేదు. 2024లో ఐ అక్షరం తీసేసి కోర్ 5 120యూ అని కొత్త పేరు పెట్టింది, లోపల మాత్రం పాత తరం ఇల్లే.

తెర గురించి మన దుకాణాల్లో ఎవరూ మాట్లాడరు. కానీ నాలుగేళ్లు చూడాల్సింది దాన్నే. చవక మోడళ్లలో 250 నిట్ల వెలుతురు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రంగులు వెలిసినట్టు కనిపిస్తాయన్నది దాని తాత్పర్యం. ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఫర్వాలేదు, ఆర్కిటెక్చర్ పిల్లలకు పనికిరాదు. టీఎన్ రకం తెరైతే మాత్రం ఎవరికీ వద్దు. కింది నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి.

నలభై వేల బిల్లులో జీఎస్టీ 18 శాతం చొప్పున ఆరు వేల పైచిలుకు పన్నే. మిగిలిన ముప్ఫై నాలుగు వేలలో మెగ్నీషియం ఒళ్లు దొరకదు కానీ, పాతది కొనడానికి సిద్ధమైతే దొరుకుతుంది. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ లాంటి చోట్లకు చేరతాయి. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్280 కిలోకు కాస్త ఎక్కువ, టీ480ఎస్ 1.3 కిలోలు, డెల్ లాటిట్యూడ్ 7490 1.4 కిలోలు, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 ఒకటిన్నర కిలోల లోపు. వీటి కీళ్లు లోహానికి బిగించి ఉంటాయి, కీబోర్డులు ఇప్పటి బడ్జెట్ మోడళ్ల కన్నా బాగుంటాయి. చూసుకోవాల్సింది తరం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మాత్రమే అర్హత ఉంది. 7490, 840 జీ5 మోడళ్లలో ఏడో తరంవి కూడా కలిసి ఉంటాయి. ప్రాసెసర్ పేరులో నాలుగంకెలు 8తో మొదలవుతున్నాయో లేదో సెట్టింగ్స్‌లో మీ కళ్లతో చూడండి, పెట్టె మీది కాగితాన్ని నమ్మకండి. ఎక్స్280లో ర్యామ్ అతికించినది, 4 జీబీది అంటగడితే వదిలేయండి.

పాతదాంట్లో అసలు అరిగేది బ్యాటరీ. మూడు నుంచి ఐదొందల సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి లిథియం బ్యాటరీ శక్తి ఎనభై శాతం దగ్గరకి జారుతుంది, వేడి దాన్ని ఇంకా తొందరపెడుతుంది. దాన్ని దుకాణంలోనే తేల్చుకోవచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ విడిచి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా పట్టే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో అరవై శాతమే ఉంటే కొత్త బ్యాటరీ ధర బేరంలోంచి తీసేయమనండి. ఈ నివేదిక తీస్తుంటే అమ్మేవాడు "సార్, ఎందుకు సార్ అవన్నీ" అంటే అదీ ఒక సమాచారమే.

ఈ మోడళ్లకు ఇంకో సుగుణం ఉంది. టైప్-సీ చార్జింగ్. గాలియం నైట్రైడ్‌తో చేసిన కొత్త 65 వాట్ల చార్జర్లు నూట ఇరవై గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. సిలికాన్ కన్నా ఆ పదార్థం చాలా వేగంగా, తక్కువ వేడితో కరెంటును తెరిచి మూయగలదు. ఎంత వేగంగా మూసి తెరిస్తే ఒక్కో విడతలో ట్రాన్స్‌ఫార్మర్ దాచుకోవాల్సిన శక్తి అంత తక్కువ, ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నది. అదే చార్జర్ ఫోనుకూ పనికొస్తుంది. కొత్త బడ్జెట్ ల్యాప్‌టాప్‌లలో టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన చార్జవుతుందనుకోకండి. కొన్నింటిలో అది డేటాకు మాత్రమే. దుకాణంలో గుచ్చి చూడటమే దారి.

ఇంత చెప్పాక, తేలికది కొనకూడని వాళ్లు కూడా ఉన్నారు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే పిల్లలు వాళ్లలో లేరు. గూగుల్ కోలాబ్ బ్రౌజర్‌లోనే ఎక్కడో ఉన్న గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను కొంతమేరకు ఉచితంగా వాడుకోనిస్తుంది, ఆ వాట్లు మన సంచిలో పుట్టవు. కానీ సివిల్‌లో రెవిట్, మెకానికల్‌లో సాలిడ్‌వర్క్స్, యానిమేషన్‌లో బ్లెండర్ రోజూ నడిపేవాళ్లకు 15 వాట్ల చిప్ చాలదు. వాళ్లకు నా సలహా దుకాణాల వాళ్లకు నచ్చదు. హెచ్ రకం ప్రాసెసర్‌ను సన్నటి పెట్టెలో కుక్కిన మోడల్‌కు అప్పు చేయకండి, అది మే నెలలో తనంతట తానే యూ రకంగా మారిపోతుంది. అదే డబ్బులో సగంతో ఆఫీసులు తీసేసిన డెస్క్‌టాప్ ఒకటి ఇంట్లో పెట్టి, దానికి చిన్న గ్రాఫిక్స్ కార్డు తగిలించి, మిగిలిన సగంతో సంచికి పాత తేలిక ల్యాప్‌టాప్ తీసుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు డెస్క్‌టాప్ పవర్ సప్లై ఎన్ని వాట్లదో, చిన్న పెట్టె అయితే సగం ఎత్తు కార్డే పడుతుందేమో చూసుకోవాలి. ఎండాకాలం సాయంత్రాలు కరెంటు పోతే సేవ్ చేయని డ్రాయింగ్ కూడా దాంతో పోతుంది కాబట్టి, చిన్న యూపీఎస్ ఖర్చు కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.